తప్పంతా గిటారుదే

టెక్సాస్‌లో, ఆస్టిన్ ఊరి చివర ఒక డాన్స్ హాలు. మధ్యాహ్నం మూడు గంటలు. వేదిక వెనక గదిలో ఇద్దరున్నారు: గాయకుడు వెల్డన్ కూతురు మార్లా, ఆయన పక్కన ముప్పై ఎనిమిదేళ్లుగా గిటారు వాయిస్తున్న రాయిస్.

"గిటారు కింద పెట్టు బాబాయ్. మాట్లాడాలి."

"మాట్లాడు. వినేది చెవులతో, చేతులతో కాదుగా."

"ఇవాళ నువ్వు ఎక్కొద్దు."

"ఏది?"

"స్టేజీ. నాన్న నిన్ను పంపెయ్యమన్నాడు."

"వెల్డనా? తన నోటితో?"

"తన నోటితోనే. శాన్ మార్కోస్ కచేరీలో రెండుసార్లు తప్పావు. వేకోలో పాట మధ్యలో తీగ తెగ్గొట్టావు. ముసలాడు తాగొచ్చాడని పేపర్లో రాశారు."

"మానేసి పంతొమ్మిదేళ్లయింది."

"తెలుసు. మరేమైంది?"

"వేళ్లు. వయసు."

"అబద్ధం. ఇందాక తలుపవతల నిలబడి విన్నా. నీ సొంత పాట వాయించుకుంటున్నావు. ఒక్క స్వరం జారలేదు."

"సొంతదని ఇంకా అంటున్నావా?"

"అనకేం? జుట్టు కత్తిరించుకో, పాటలు మార్చుకో అంటే నాష్‌విల్ రికార్డు కంపెనీల వాళ్ల మొహాన తలుపేసి వచ్చినవాడివి. రెండు రికార్డులు చేశావు. మూడోది చెయ్యకుండా నాన్న పక్కన నిలబడిపోయావు."

"ఇదే హాల్లో, ఒకరంటే ఒకరికి పడని జుట్టు పెంచిన కుర్రాళ్లనీ టోపీలు పెట్టిన కౌబాయ్‌లనీ పక్కపక్కన కూచోబెట్టి ఏడిపించాడమ్మా మీ నాన్న. నా పాటతోనే. అది విన్నాక ఇంక నేనేం పాడతాను?"

"మాట మార్చకు. వేకోలో తీగ ఎప్పుడు తెగింది?"

"గుర్తులేదు."

"నాకుంది. మూడో చరణం ముందు. శాన్ మార్కోస్‌లోనూ మూడో చరణమే. నువ్వు తప్పగానే నాన్న ఆగిపోతాడు, జనం నవ్వుతారు, ఈలోగా నువ్వు వెనకనుంచి మొదటి మాట—"

"మార్లా, చాలు."

"తప్పింది నువ్వా, నాన్నా?"

"మెల్లగా. పక్క గదిలోనే ఉన్నాడు."

"తీగ తెగిందా, తెంపావా?"

"తెంపాను. సరేనా?"

"ఎన్నాళ్లుగా?"

"పోయిన చలికాలం నుంచి. మాటలు పోతున్నాయి తల్లీ, పాట పోలేదు. ఒక్క మాట అందిస్తే చాలు, మిగతాది తనే లాక్కుపోతాడు. డాక్టరన్నానని చెయ్యెత్తాడు నా మీద."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే ఆపేయిస్తావు. ఆపేస్తే ఇంకేం మిగుల్తుంది ఆయనకి? నన్ను తీసేస్తే తియ్యి. నా బదులు ఎవరొచ్చినా ఒక్కటి చెప్పు, మూడో చరణం ముందు ఆయన మొహం చూడమను. ఎడం కన్ను మూశాడంటే మాట పోయినట్టే."

"బాబాయ్..."

"ఏడవకు. ఒకే బస్సులో తిన్నాం, ఒకే బస్సులో పడుకున్నాం. మొహం మీద చెప్పాల్సింది, కూతురితో చెప్పించాడు. అదొక్కటే బాధ. ఏమన్నాడు, సరిగ్గా? రాయిస్ ఇక వద్దన్నాడా?"

"వెటకారమనుకున్నాను బాబాయ్, ఒట్టు... 'ఈ కొత్తవాడెవడో, వీడివల్ల కావట్లేదు. పంపేసి మన రాయిస్‌ని పిలిపించు' అన్నాడు."