స్కాట్లాండు చీటీ

"మందు వద్దన్న దేశంలో, స్కాట్లాండు చీటీ అంటించి ఏం అమ్ముతాండారురా ఈ దొంగలు!"

కువైట్‌లోని మంగఫ్‌లో, పనివాళ్ళుండే కంపెనీ గది. శుక్రవారం మధ్యాహ్నం గదిలోని పెద్దాయన చేతిలో సగం ఖాళీ అయిన సీసా ఉంది, ఎదురు మంచం మీద కుర్రాడు పడుకొని ఉన్నాడు.

"ఓట్స్ వేసి కాచిన నల్లబీరంట అన్నా."

"గోవా బార్లో ఎనిమిదేండ్లు అదే పోసినా. గంజి మాదిరి మెత్తగా దిగుతాది, కాఫీ వాసనొస్తాది." నాలుకకు చుక్క అద్దుకుని ఉమ్మేశాడు. "థూ! నాలుక మండుతాంది. రంగు కలిపిన స్పిరిట్టిది. ఎప్పుడు తాగినావు?"

"నిన్న. పొద్దున్నుంచి కండ్లకు అంతా మంచు మాదిరుంది."

"ఈ స్పిరిట్టు కండ్లు తీసేస్తాదిరా, ఆస్పత్రికి లెయ్."

"పోలీసులకు చెప్తారన్నా. ఇంటికి పంపేస్తారు."

"పంపనీ, కండ్లతో పో. అంబులెన్సుకు నేను ఫోన్ చేస్తా. నీతో తాగినోళ్ళందరినీ ఇప్పుడే కిందికి రమ్మను, యల్లా, బిరీన!"