కాగితం అడుగున వదిన అక్షరాలు

ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు. మీ ఆసుపత్రి లిఫ్టు దగ్గర అతికించడానికేనా? "కాస్త గొప్ప మాటలు వెయ్యి అమ్మమ్మా" అంటావా. వేస్తాను, వేస్తాను... ఉండు, ఆ ఫ్యాను ఆపు, కాగితం ఎగురుతోంది. ఆపావా? మళ్లీ వెయ్యి, ఉక్కగా ఉంది. ఇవాళ ఎందుకో ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. నీ కాగితం చూస్తే మా వదిన గుర్తొచ్చింది. నువ్వు చూడలేదులే, మీ అమ్మకి పదేళ్లప్పుడే పోయింది. మా అన్నయ్య భార్య, నీళ్ల ఆఫీసులో టైపిస్టు. ఇక్కడ నీకొకటి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చేరిన ఊరు కదా, ప్రకటనలన్నీ ఇంగ్లీషులోనే. అందరికీ తలా కాస్త వచ్చింది అదే. వదిన ఏది టైపు చేసినా ముందు గేటు దగ్గరికి పట్టుకెళ్లేది. అక్కడ కాపలా ఆయన, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివే మనిషి. ఆయనకి చదివి వినిపించేది. "అయితే నీళ్లు ముందే పట్టుకోమని మా ఆవిడకి చెప్తానమ్మా" అన్నాడనుకో, కాగితం పైకి వెళ్లేది. "చాలా బాగుందమ్మా" అన్నాడనుకో, చింపేసి మళ్లీ కొట్టేది. బాగుంది అన్నాడంటే బోధపడలేదని. చూశావా, నేను ముప్పయ్యేళ్లు పాఠం చెప్పి కనిపెట్టలేనిది.

సరే, ఒకసారి గొట్టాలు మందు వేసి కడుగుతున్నారు. వదిన రాసింది మూడే ముక్కలు. మంగళ, బుధవారాలు కుళాయి నీళ్లు తాగకండి. కాచినా తాగకండి. సోమవారమే పట్టి ఉంచుకోండి. ఆఫీసరు చూసి, "ఇదేమిటమ్మా, ఒకటో తరగతి వాచకంలా, మీ ఇంట్లో ఇంగ్లీషు టీచరు ఉందిగా, దిద్దించుకు రండి" అన్నాట్ట. పాపం తెచ్చి నా ముందు పెట్టింది. నాకేమో ఇరవై ఆరేళ్లు, కొత్త ఉద్యోగం, కాళ్లు నేల మీద నిలిచేవి కావు. "కన్స్యూమర్స్ ఆర్ హియర్‌బై అడ్వైజ్డ్" అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకునే చోటు లేకుండా ఎనిమిది వరుసలు లాగాను. తాగొద్దన్నది ఏడో వరుసలో ఎక్కడో ఉంది. అదీ తాగొద్దని కాదు, "రిఫ్రెయిన్ ఫ్రమ్ కన్సంప్షన్" అని. వదిన రెండుసార్లు చదువుకుని, "గేటాయనకి ఒకసారి వినిపిస్తాను, పంతులమ్మా" అంది. "వినిపించు, ఆయన చేత సంతకం కూడా పెట్టించు" అన్నాను నేను. అన్నాను. ఆ ఒక్కటీ వినిపించలేదు ఆవిడ.

సోమవారం సాయంత్రం గేటుకి కట్టారు, సరిగ్గా ఆయన కుర్చీ పైన. మర్నాడు అన్నయ్యకి జ్వరమని వదిన సెలవు పెట్టింది. మధ్యాహ్నం ఎండకి గేటాయన కుళాయి తిప్పి రెండు గ్లాసులు పట్టుకుని, ఆ కాగితం కిందే నిలబడి తాగాడు. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు, బతికాడులే, అలా చూడకు. గొంతే మళ్లీ సరిగ్గా రాలేదు. ఇక విచారణ అన్నారు. టైపు చేసినవాళ్లు కాగితం అడుగున తమ పేరులోవి రెండక్షరాలు కొట్టాలి, అది పద్ధతి. ఆఫీసరు ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. దిద్దించుకు రమ్మన్నది తనేనని ఎందుకు చెప్తాడు? "ఎవరు రాశారు" అంటే "నేనే" అందట వదిన. పాత కాగితాల గదిలోకి తోశారు, పోయేదాకా ఆ దుమ్ములోనే. ఇదంతా ఆవిడ అన్నయ్యకి చెప్తుంటే నేను పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ విన్నాను. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. లేచి వెళ్లి, రాసింది నేనేనని అనలేదు. అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. ఇదిగో, ఇవాళ నీతో అంటున్నాను.

ఇంతకీ నువ్వేం రాశావు? లిఫ్టు పాడైంది, రోగిని పైకి తీసుకెళ్లాలంటే వెనక గుమ్మం దగ్గర గంట కొట్టండి. ఇందులో నేనేం దిద్దను? మన మెట్లు తుడిచే ఆవిడ కిందే ఉండాలి, ఆవిడకీ ఆ కాస్త ఇంగ్లీషే వచ్చు. వెళ్లి చదివి వినిపించు. గంట ఎక్కడుందని అడిగితే సరే. బాగుందమ్మా అంటే మాత్రం, ఏం మాట్లాడకుండా తీసుకొచ్చెయ్. ఆ ఫ్యాను ఆపి వెళ్లు.