మిగిలిపోయిన కాళ్ళు

మరదలి సొంత ఆఫీసు రేపే మొదలు. కొత్త బల్ల చుట్టూ వదినా మరదళ్ళు తిరుగుతున్నారు.

"వదినా, మీ తమ్ముణ్ణి మీరే తీసుకుపోండి. దుకాణంవాళ్ళు మనిషిని పంపి బిగిస్తామంటే, తానుండగా వాళ్ళెందుకన్నారు."

"బిగించాడుగా?"

"ఒక్కో కాలికి రెండు ముక్కలుంటే ఒక్కోటే వేశారు. మిగిలినవి స్పేర్ అట. బల్ల కాస్తా పీటయింది. రేపు వచ్చేవాళ్ళు నవ్విపోరూ? ఆ దుకాణం మనిషినే పిలుస్తాను."

"ముందు కుర్చీ కిందికి దించి కూర్చో."

"కూర్చున్నాను."

"ఏంటి, కాళ్ళకేసి చూసుకుంటున్నావు?"

"పాదాలు నేలకి ఆనాయి వదినా. ఇన్నేళ్ళూ ఏ ఆఫీసులోనూ ఆనలేదు. కాళ్ళు వేలాడేసుకునే పనిచేశాను."

"అయితే ఆ మనిషిని పిలవనా?"

"వద్దులెండి."

"మా తమ్ముడు తలుపు వెనకే ఉన్నాడు. కాస్త గట్టిగా చెప్పు."

"ఏమండీ, ఆ ముక్కలు ఎక్కడైనా దాచేయండి. పొరపాటు నాదే."