పై వరసలో మిగిలిపోయిన అక్షరం

చేపలమ్మే ఆల్త్యే చెప్పిందండీ నాకు ముందు. లేకపోతే మీరు రాస్తున్న ఈ ఊరి చరిత్ర పుస్తకం అచ్చయి ఊరంతా తిరిగాక తెలిసేది కాబోలు. విధవల ఇంటి గుమ్మం మీది రాయి పాడవడానికి కారణం చదువురాని రాతిపనివాడు వోబ్బె, అని రాశారట. ఆ వోబ్బెని నేనే కదా పాస్టరుగారూ? కూర్చోండి. కాఫీ చల్లారితే చల్లారింది.

చదువు రాదు, నిజమే. కాదన్నానా? కానీ నలభై ఏళ్ళుగా ఈ ఊరి సమాధుల మీద అక్షరాలు ఎవరి చేతివి? చర్చి పక్కన రోజూ చూస్తూనే ఉంటారుగా.

మన భాషలో పొడుగు మాటలు కాలువలో పడవల్లాంటివండీ. ఒకదాని వెనక ఒకటి తాడుతో కట్టినవి. స్ఖిప్పర్స్, వేడువెన్, హౌస్. పడవవాళ్ళు, వాళ్ళ విధవలు, ఉండే ఇల్లు. మూడూ కలిపి ఒకే మాట, అదే ఆ ఇంటి పేరు. రాయి మీద ఒకే వరసలో పట్టకపోతే తాడు దగ్గర విడదీస్తాం. పడవని నడిమికి ఎవడైనా కోస్తాడా? సుత్తితో బల్ల మీద కొడుతూ పలికితే చాలు, తాడెక్కడుందో చెవికే తెలుస్తుంది.

పట్నం నుంచి దిగాడు ఆ ఎన్సింక్, ఆర్కిటెక్టు. స్కేలు పట్టుకుని పుట్టినవాడు. ఇల్లు పెట్టెలా కట్టాడు కాబట్టి మాట కూడా పెట్టెలో పట్టాలన్నాడు. మన రాతలో ఇరవై అక్షరాలు. పైన పది, కింద పది. విధవల మాటలో మొదటి అక్షరం పైన మొగుళ్ళ పక్కన, తక్కిందంతా కింద. తల ఒకచోట, మొండెం ఒకచోట.

నోరు తెరిచాను. "నువ్వు చదవక్కర్లేదు ముసలాడా, గీసినట్టు చెక్కు," అన్నాడు, ఆ ఇల్లు కట్టించే కమిటీ అందరి ముందూ. వాళ్ళూ నవ్వారు. తర్వాత ఊరు ఎగతాళి చేసేసరికి, ముసలాడు అక్షరాలు రాక పొరపాటు పడ్డాడని కమిటీకి ఉత్తరం రాశాడు. అదే మీరు పుస్తకంలోకి ఎక్కించారు.

ఏమిటలా చూస్తారు? తెలిస్తే ఎందుకు చెక్కావంటారా?

చెక్కే ముందురోజు కమిటీ పెద్దాయన వచ్చి, "అంతా సరిగ్గా ఉందా వోబ్బె?" అని అడిగాడు. కాగితంలో ఉన్నట్టే ఉందన్నాను. ఒక్క మాట చెబితే ఆగిపోయేది. చెప్పలేదు. ఆ ఎన్సింక్ తెలివి రాతిలో నిలిచిపోవాలని, మామూలు కంటే లోతుగా చెక్కాను.

మా చెల్లెలు ఫెమ్కె ఉంటున్నది ఆ ఇంట్లోనే. మొగుడు సముద్రంలో పోయాడు. పిల్లలు గుమ్మం ముందు ఆ మాటని విరిచి విరిచి చదివి నవ్వుతారని పెరటి తలుపు నుంచే వచ్చిపోతుంది. ఎవరైనా నన్నంటే, "మా అన్నయ్యకి చదువు రాదు, ఆయన తప్పు కాదు," అంటుంది. మీ పుస్తకం ఫెమ్కె కూడా చదువుతుంది. చదవనివ్వండి.

సరిచేసి రాయండి పాస్టరుగారూ. వోబ్బెకి తెలుసు, తెలిసే చెక్కాడు అని. దుర్మార్గుడని రాసినా ఒప్పుకుంటాను. తెలియనివాడని మాత్రం రాయకండి.