వియ్యంకుని పన్ను కోసం మార్చిన తూటా

మెజిస్ట్రేటు గారి ముందర, 2024 నవంబరు 7, గురువారం, పగలు పదకొండున్నరకు చెప్పినది చెప్పినట్టు రాసుకున్నది.

నా పేరు షేక్ గఫూర్. నాయన హుసేన్ సాబ్, కాలం చేసినాడు. నాకు అరవై నాలుగేండ్లు. ఉండేది జమ్మలమడుగు. రేకు ట్రంకుపెట్టెలు చేస్తా. పంటల మీద పడే అడవిపందుల్ని రైతులు పిలిస్తే పోయి కాలుస్తా. ఒంటిగొట్టం తుపాకి, నాయన కాలం నాటిది. లైసెన్సు ఉండాది, ఫారెస్టోళ్ల పర్మిషను ఉండాది. పందిని కొడతా గానీ ముట్టను, తినను.

చెప్పి తీరాలని లేదని, చెప్తే నా మీదకే వస్తాదని మెజిస్ట్రేటు మేడం గారు రెండుసార్లు హెచ్చరించినారు. ఇంటికి పోయి ఆలోచించుకొని రమ్మని నిన్న పంపించినారు. ఆలోచించేది ఏముంది? పదైదు దినాల నుంచి అదే పని. నన్ను ఎవురూ బెదిరించలేదు. అక్టోబరు 24న నేను పోలీసులకు చెప్పిన దాంట్లో అబద్ధం ఉండాది. వాళ్లు నేను చెప్పిందే రాసుకున్నారు. అబద్ధం నాది.

అక్టోబరు 21, సోమవారం పొద్దున పది గంటలకు నారాయణ రెడ్డి కారేసుకొని మా ఇంటికాడికి వచ్చినాడు. పులివెందుల దగ్గర కొత్తగుంటపల్లె ఆయనది. ముప్పై ఎకరాల చీనీ తోట, అదే బత్తాయి, పక్కనే సెనక్కాయ చేను. పందులు చేను తవ్వి పోస్తాండాయని చెప్పి, తూటాల కోసం నన్ను ప్రొద్దుటూరు తుపాకుల అంగడికి పిల్చుకొని పోయినాడు.

నాది ఒంటిగొట్టం. ఒకటి పేల్చి ఇంకోటి ఎక్కించేలోపల పంది ఊరు దాటిపోతాది. అందుకే ఏ తూటా ఎక్కించినామనేదే ముఖ్యం. నంబర్ ఫోర్‌లో జొన్న గింజలంత గుండ్లుంటాయి, అది పిట్టలకు. పందికి కొడితే దులుపుకొని పోతాది. ఎల్జీలో బఠానీ గింజలంత గుండ్లు ఆరు. దగ్గరికి రానిచ్చి కొడితే పంది పడతాది, దూరం పోయేకొద్దీ సత్తువ తగ్గుతాది. బాల్ అంటే ఒకటే ఉండ. తగిలితే ఏదైనా పడాల్సిందే. తగలకపోతే యాడికి పోయి ఆగుతాదో అల్లాకే ఎరుక. తోటల్లో మనుషులు తిరుగుతాంటారని ముప్పై ఏండ్లుగా నేను ఎల్జీ తప్ప ఎక్కించలేదు. ఈ మాట శానామందికి గొప్పగా చెప్పుకున్యా.

అంగట్లో ఎల్జీ అడిగినా. "వద్దు మామా, బాల్ తీసుకో" అన్యాడు నారాయణ రెడ్డి. ఎందుకప్పా అంటే, "పోయినసారి నీ ఎల్జీ గుండు కూరలో వచ్చి మా వియ్యంకుని పన్ను ఇరిగింది. గురువారం మళ్లా వస్తాండాడు. బాల్ అయితే ఒకటే బొక్క, కూర శుభ్రంగా ఉంటాది" అన్యాడు. కాల్చిన పందిని పూడ్చిపెట్టాలని పర్మిషను కాగితంలో ఉండాది. పూడ్చినోన్ని నేను ఇంతవరకు చూడలేదు.

"తోటలో బాల్ వద్దప్పా, మనుషులుంటారు" అంటి. అందరి ముందర నవ్వినాడు. "మనుషులూ లేదు ఏమీ లేదు, నీకు కండ్లు పోయింటాయి. ఒంటి ఉండతో కొట్టే దమ్ము లేదని చెప్పు, ఇంకొకరిని చూసుకుంటా" అన్యాడు.

కండ్ల మాట నిజం. అందుకే అంత మండింది నాకు. రెండేండ్ల నుంచి నా కుడికంటికి పొర కమ్మింది. నా భార్య పీరాంబీకి కూడా చెప్పలేదు. ఎల్జీ గుండ్లు పరుచుకుంటాయి గాబట్టి, గురి అటూ ఇటూ అయినా తగులుతాండె. ఎల్జీ మనుషుల కోసమనేది మొదట్లో నిజమే. ఈ రెండేండ్లు నా కంటి కోసం. కనపడదని తెలిస్తే తుపాకి పోతాది. తుపాకి పోతే గఫూర్ అంటే ఎవురు? ట్రంకులోడు. ట్రంకులు ఇప్పుడు ఎవురికి కావాలి? "కొడతా, ఇయ్యి" అంటి. నా లైసెన్సు బుక్కులో రెండు బాల్ తూటాలు రాసిచ్చినారు. సంతకం నాదే.

అక్టోబరు 23, బుధవారం సాయంత్రం నాలుగున్నరకు తోటకాడికి పోయినాం. తుంపర పడతాండె. నాగేంద్ర ఆ తోటలో నీళ్లు కట్టే మనిషి, ముప్పై ఎనిమిదేండ్లు. నేను పోయినప్పుడల్లా వక్కాకు ఇస్తాండె. నా నోరు పూసిందని సున్నం తక్కువ రాసి ఇస్తాండె. ఆ దినం కూడా ఇచ్చినాడు.

పందులు పారిపోయే దారిలో ఒక మనిషిని కూచోబెట్టడం నా పద్ధతి. నేనుండే చోటికి నూటపది అంగల దూరంలో, సెనక్కాయ చేను తూర్పు గట్టు మీద. ఎల్జీ అయితే అంత దూరంలో మనిషికేం కాదనుకుంటాంటి, ముప్పై ఏండ్లుగా అదే దూరం. "ఆడ కూచో నాగేంద్రా, లేయొద్దు" అంటి. నల్ల గొంగడి కప్పుకొని పోయి కూచున్యాడు. తూటా మార్చినా గానీ, మనిషిని కూచోబెట్టే చోటు మార్చలేదు. గుర్తే రాలేదు మేడం. ఎన్ని తూర్లు ఆలోచించినా అంతే. గుర్తే రాలేదు.

ఐదూ యాభై ఐదుకు సెనక్కాయ చేను అంచున నల్లది కదిలింది. దగ్గర్లోనే అనిపించింది. కాల్చినా. పంది అరుపు వినపడలేదు. గట్టు మీంచి "మామా" అని వినపడింది. ఒకసారే.

నాగేంద్రను కారులో ఏసుకొని పోయినాం. ఆసుపత్రి చేరకముందే పోయినాడు. దారిలో నారాయణ రెడ్డి చెప్పినాడు: "పంది దూకింది, నువ్వు కాల్చినావు, వీడు లేచి అడ్డం వచ్చినాడు. నీకూ మంచిది, నాకూ మంచిది." నాగేంద్ర తల నా ఒళ్లో ఉండె. "సరే అప్పా" అంటి. వాని తల ఒళ్లో పెట్టుకొని సరే అంటి. తూ, నాదీ ఒక బతుకేనా!

నవంబరు 2న పదకొండో దినం. పీరాంబీ, నేను పోయినాం. నాగేంద్ర భార్య శివమ్మ నన్ను చూసి లేచి వచ్చింది. తిడతాదనుకుంటి. తిట్టలేదు. "నువ్వు ఆడే ఉన్యావు గదా మామా. మా ఆయప్ప తాగిండెనంట, లేయొద్దంటే లేచినాడంట. ఊరంతా అదే అంటాండారు. తన సావు తానే తెచ్చుకున్యాడంట. నిజమేనా?" అని అడిగింది. పీరాంబీ నా మొగం చూసింది. నేను తల వంచుకొని వచ్చేసినా.

నాగేంద్ర తాగలేదు. నోట్లో వక్కాకు తప్ప ఏమీ లేదు. ఆడ పంది లేదు. నేను పందనుకున్యది ఆ నల్ల గొంగడినే. గురి తప్పలేదు, దానికే తగిలింది. బాల్ అన్నది నారాయణ రెడ్డి, అది రాసుకోండి. కన్ను నాది, వేలు నాది, అదీ రాసుకోండి. చేసుకున్నోనికి చేసుకున్నంత. చేసుకోనోనికి ఎందుకు పడాల?

రాసిందంతా నాకు చదివి వినిపించినారు. ఒక చోట "నాగేంద్ర అడ్డు రాగా" అని ఉండె. పోలీసోళ్ల పాత కాగితంలో మాట, నేను చెప్పిందే. అది కొట్టేయమన్యా. నాగేంద్ర అడ్డం రాలేదు. నేను కూచోమన్న చోటే కూచున్యాడు. అట్లే మార్చి రాసినారు. మళ్లా చదివించుకున్యా. ఇప్పుడు ఇందులో ఉండేదంతా జరిగిందే. సంతకం చేస్తాండా.

షేక్ గఫూర్
(ఉర్దూలో సంతకం)