బంజరు కాదు

సింగరాయకొండకు పడమటి గుట్ట, 1986. మేకలు మేపుకునే బుల్లయ్య. మొక్కల సర్వేకని గుంటూరు నుంచి వచ్చి, నాలుగు మేకుల మధ్య తాడు బిగిస్తున్న సంతోషకుమారి.

“కొలుచుకోమ్మా, కొలుచుకో. ఈ గుట్ట మీద ఏముందని? రాళ్ళు.”

“భూమి కొలవడంలేదు తాతా. ఈ తాడు లోపల ఏ మొక్కలున్నాయో లెక్కపెట్టి పటం గీస్తున్నా.”

“మొక్కలకు పటమా! వాటికేమన్నా పట్టాలిస్తారా?”

“ఇచ్చినట్టే అనుకోండి. ఏ పొద ఎక్కడుందో చూపిస్తే గుట్టను ఇట్టాగే వదిలేస్తారు. లేకపోతే దున్ని జామాయిల్ చెట్లు వేస్తారు.”

“జామాయిలా? అవతలి గుట్ట మీద వేశారుగా. మేక మూతి పెట్టదు దానికి. పిట్ట కూడా వాలట్లా.”

“అందుకే అడుగుతున్నా. వాగు పక్కన ఏముంటాయి?”

“ఏముంటాయి… ఏమీ లేవు.”

“మరి మీ మేకలన్నీ అటే పోతున్నాయేం?”

“మేకలకేం తెలుసు!”

“తాతా!”

“సరే, రా. చెప్పులు తీయమాక, ముళ్ళు. చూపిస్తే వేళ్ళతో సహా పీక్కుపోయేవాళ్ళే ఎక్కువమ్మా, అందుకని చెప్పలా. ఇదుగో, ఇది కలివి. పక్కనే బలుసు. రెండింటి మీదా అల్లుకుందే, అది పరికి.”

“ఆగండాగండి, రాసుకోనివ్వండి. ఈ మూడూ ఎప్పుడూ కలిసే ఉంటాయా?”

“కలిసే. వంగి చూడు, కలివి నీడన సుగంధి తీగ. తీసకపోయి ఎండలో పెట్టు, చస్తుంది. మా ఇంటామె పున్నమ్మకు ఒంట్లో వేడి చేస్తే దీని వేరు నానబెట్టి తాగిస్తా.”

“పైన, ఆ రాళ్ళలో?”

“అక్కడ బందారు పొదలు. ఆ జట్టు వేరు, ఈ జట్టు వేరు. అది కిందికి దిగదు, ఇది పైకి ఎక్కదు.”

“జట్టు! అదే తాతా, నేను గీసేది ఆ జట్ల పటమే. కాలేజీలో నాలుగు పేజీలు చదివితేగానీ అర్థం కాలేదు నాకు.”

“మరి ఇన్ని ఉంటే ఇది ఉత్త బంజరని ఎట్టా రాశారు? మొన్న పంచాయతీలో చదివి వినిపించారు.”

“అదీ… తాతా, అసలు…”

“నువ్వుండమ్మా. ఎవడా ఆఫీసరు? ఈ గుట్ట ఎక్కాడా ఎప్పుడన్నా? గుంటూరు బ్రాడీపేటలో ఫ్యాను కింద కూర్చుని…”

“ఫ్యాను కూడా లేదులే తాతా. ఆ రోజు కరెంటు పోయింది.”

“నీకెట్టా తెలుసు?”

“ఆ రోజు నేనక్కడే ఉన్నా తాతా.”

“ఏందమ్మా, నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?”

“రెండూ. ఇదుగో ఆ కాగితం. కింద సంతకం చూడండి.”

“నాకు చదువు రాదుగా. ఏమనుంది?”

“సంతోషకుమారి అని. నేనే. ఇప్పుడు ఆ ‘బంజరు’ మాటను మీ ఎదురుగానే కొట్టేస్తున్నా తాతా, కలివి దగ్గర్నుంచి మళ్ళీ చెప్పండి.”