తేనెగుండానికి దొర ప్రయాణం

జగ్గనాయుడని ఒక దొర, కొండ చూస్తానంటాడు. మామూలు కొండ కాదంట, మూడు కొండలవతల తేనెగుండమని ఒక లోయ, నిలువునా రాయి, అడుగున నీళ్ళు, చుట్టూ అడివి, అందులోకి దిగి చూడాలంట. మూడు నెలల ముందునించే ఏర్పాట్లు. గుడారాలెన్ని, వంటవాళ్ళెందరు, ఎలుగొస్తే డప్పెవడు కొడతాడు, అన్నీ రాయించాడు. ఊరగాయ జాడీ మొయ్యడానిక్కూడా ఒక మనిషిని పెట్టాడనుకో. అంతా అయ్యాక ఆఖర్న ఒక మాటన్నాడంట: "నేను చూసేది మనిషి అడుగు పడని అడివి అయ్యుండాలి. లోయ అంచున గూడెం ఉందంట గదా, నేను బయల్దేరే ముందురోజు దాన్ని ఎత్తేయించండి. ఒక్క పొయ్యి కూడా కనబడకూడదు." చూశారా? వాళ్ళవి అడుగులంట, ఈయనవి కాదంట! తాతలనాటి గూడెం, పదహారు గుడిసెలు. ఉడికే కుండ దించుకుని పొమ్మంటే ఎక్కడికి పోతారు?

గూడెం పెద్ద అంకన్న, తేనె తీసేవాడు, కబురు విని దిగొచ్చాడు. ఏడుస్తాడనుకున్నారు, ఏడవలేదు. కాళ్ళు పట్టుకుంటాడనుకున్నారు, పట్టుకోలేదు. గడపవతలే నిలబడి, "పొమ్మంటే పోవాల్సిందేలే దొరా. మరి గుండంలోకి ఎట్టా దిగుతావు?" అన్నాడంట. దారుంటుంది గదరా అన్నాడు దొర. దారి లేదు సామీ, తాడే. తీగనారతో పేనిన తాడు, పైన ఒకడు పట్టుకుంటే కిందికి ఒకడు దిగాలి. "ఓస్ ఇంతేనా, బలమైనవాళ్ళని పదిమందిని పెడతా." అంకన్న తల అడ్డంగా ఊపాడు. "బలం కాదు దొరా. తేనెకి దిగేప్పుడు మా తాడు పెళ్ళాం తమ్ముడే పడతాడు. అన్నదమ్ముడికి ఇవ్వం, మనం పోతే వాడి వాటా పెరుగుద్ది. బామ్మర్ది వదలడు. వదిలితే వాడి అక్క బొట్టే పోద్ది. ఇంకోరకంగా దిగినోడు మాలో లేడు."

నాకు లేడా బామ్మర్ది అని నవ్వాడు దొర. నవ్వు సగంలో ఆగిపోయింది. ఏమైందంటే, దొరసాని తమ్ముడు వెంకటరత్నం ఉన్నాడే, వాడి మామిడితోట ఈయన నాలుగేళ్ళ కిందట గట్టు జరిపి తనలో కలిపేసుకున్నాడు. అప్పట్నించీ మాటల్లేవు. అయినా కబురు పెట్టాడు. ఎగిరి గంతేసి వచ్చాడంట వెంకటరత్నం! తోట ఊసే ఎత్తలేదు. అరచేతులు రెండూ చాపి, "ఎంతమాట బావా, హాయిగా పట్టుకుంటా. ఎప్పుడు దిగుతావో అది చెప్పు" అన్నాడంట, నవ్వుతా. ఆ నవ్వు చూశాక దొరకి అన్నం సయించలేదనుకో.

మర్నాడు అంకన్నని పిలిచి, గొంతు తగ్గించి, "ఒరే, నువ్వే పట్టుకోరాదా?" అన్నాడు. అంకన్న తన రెండు చేతులూ చూసుకున్నాడంట. అబద్ధం చెప్పే మనిషి కాడు. "పట్టుకుంటాననే అనుకుంటన్నా దొరా. కానీ నా గుడిసె పీకి, నా మనవల్ని కొండ దింపాక ఈ చేతులేం చేస్తాయో నాకు మాత్రం ఏం తెలుసు? ఇయ్యాలైతే నా మాట వింటన్నాయి." బెదిరింపా అంటే కాదు, ఉన్నమాట.

తోట తిరిగిచ్చేస్తే సరిపోయేది. గూడెం జోలికి పోనంటే సరిపోయేది. రెండిట్లో ఒక్కటీ దొర నోటెంట రాలేదు. ఈ ఏడు వానలెక్కువ, వచ్చే ఏడు పోదాం అన్నాడు. వచ్చే ఏడు ఎండలెక్కువ. ఏటా కొత్త పట్టీ రాయిస్తాడు, ఏటా కొత్త ఊరగాయ. బయల్దేరే రోజు రాలేదు, గూడెం ఎత్తేయాల్సిన ఆ ముందురోజూ రాలేదు. గుడారాలు చెదలు తినేశాయి, దొర మంచంలోనే పోయాడు. పదహారు గుడిసెలు ఇప్పుడు ఇరవై అయినాయి.

దున్నేవాడిదే భూమి అని మీటింగుల్లో అరుస్తారు గదా, అరవండి, మంచిదే. తాడు పట్టేవాడి సంగతి ఎవరన్నా అరవగా విన్నారా? మీకూ కొండ చూడాలనుంటే వెళ్ళండి నాయనా, ఎవరొద్దన్నారు. చద్దీ దుప్పటీ తర్వాత కట్టుకోవచ్చు. ముందు బామ్మర్దిని పిలిచి ఇంత అన్నం పెట్టండి. బామ్మర్ది లేనోళ్ళు మాత్రం, తాడు గూడెమోళ్ళ చేతికే ఇవ్వాలి గదా, గూడెం పొయ్యిల జోలికి పోకండి.